ఆటల టీచరమ్మ గారి బూట్ల కుప్ప

ఆటల టీచరమ్మ గారు పోయారని గుడివాడ నుంచి మా అమ్మాయి ఫోను చేసి చెప్పింది. "నాన్నా, టీచర్ పోయారంట. రేపు పొద్దున భూస్థాపన. నేను మొదటి బస్సుకి వస్తున్నా. నువ్వు కూడా రావాలి" అంది. నేను "ఊఁ" అన్నాను. ఫోను పెట్టేసి అరుగు మీద కూర్చున్నాను. ఆవిడతో నేనొక మాట అనవలసి ఉంది. పదేళ్ళ పైనుంచీ అనవలసి ఉంది. అనలేదు.

అవనిగడ్డ దగ్గర కాలవ లాకుల మీద లస్కరుగా పనిచేసి రిటైరయిన వాణ్ణి నేను. తలుపులు ఎత్తడం, దించడం, సైకిలు మీద గట్టు వెంట తిరిగి గండ్లు పడ్డాయేమో చూసుకోవడం నా పని. నోటితో పెద్దగా పని లేని ఉద్యోగం, నాకు సరిపోయింది. ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. ఇలా రాయడం అలవాటు లేదు. ఆవిడ దగ్గర ఆడిన పిల్లలందరూ కలిసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. మీరూ నాలుగు ముక్కలు రాయండి అని అడిగారు. అందుకని రాస్తున్నాను.

ఆవిడ మా హైస్కూల్లో ఆడపిల్లలకు హాకీ నేర్పేవారు. తొంభైల్లో మాట. బడి వదిలాక సాయంత్రాలు, శని ఆదివారాల్లో క్లబ్బు అని పెట్టి చుట్టుపక్కల పిల్లల్ని పోగేశారు. ఆదివారం మాత్రం చర్చి అయ్యాక. పెళ్ళి చేసుకోలేదు. తల్లిని చూసుకుంటూ చర్చి వెనక రెండు గదుల ఇంట్లో ఉండేవారు. పొట్టి మనిషి. మెళ్ళో ఈల, చేతిలో ఎప్పుడూ ఒక సూది, దారం. పిల్లలు పరిగెడుతుంటే ఆవిడ కూర్చుని ఏదో ఒకటి కుడుతూ ఉండేవారు, తల ఎత్తకుండానే "ఏయ్, కర్ర దించు" అని అరిచేవారు.

కబడ్డీ అయితే ఒంటి మీది బట్టలు చాలు. హాకీ అలా కాదు. కర్ర కావాలి, బూట్లు కావాలి, కాళ్ళకు కట్టుకునే గార్డులు కావాలి, గోల్ దగ్గర నిలబడే పిల్లకి పరుపంత ప్యాడ్లు కావాలి. పోటీకి వెళ్తే ఒక రంగు బనీను, ఒక రంగు మేజోళ్ళు. బడి వాళ్ళు ఏడాదికి నాలుగు కర్రలిస్తే గొప్ప. మిగతాదంతా తల్లిదండ్రుల మీదే. మా పిల్లల తల్లిదండ్రులు ఎవరు? కౌలు రైతులు, కూలీలు, నాలాంటి వాళ్ళు. పోనీ ఎలాగో కొన్నా పిల్లలు ఆగరు కదా, పెరుగుతారు. ఏడాది తిరిగేసరికి బూటులో మడమ పట్టదు.

అందుకని ఆవిడ ఒక కుప్ప పెట్టారు. పదో తరగతి అయిపోయి వెళ్ళే పిల్ల తన సామాను ఆ కుప్పలో వేసి వెళ్ళాలి. కొత్తగా వచ్చే పిల్ల అందులోంచే తీసుకోవాలి. బడి తెరిచాక ఒక రోజు చూసి ఆ కుప్ప పంచేవారు. నేనొకసారి గేటు దగ్గర నిలబడి చూశాను. వరండా మెట్ల దగ్గర బకెట్టు నిండా నీళ్ళు. పిల్లలు వరసగా కుడి కాలు ముంచి, సిమెంటు గచ్చు మీద ఒక అడుగు వేసి, వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడాలి. ఆవిడ వంగి ఒక్కొక్క తడి అడుగు పక్కన ఒక్కొక్క జత పెట్టుకుంటూ పోయేవారు. అడుగు ఆరేలోగా పెట్టాలి. పాత బూట్లలో నంబర్లు అరిగిపోయి ఉంటాయి, అందుకని ఆ పద్ధతి. తొడిగి చూసుకోమంటే మంచి వాటికోసం జుట్లు పట్టుకుంటారని కూడా అనేవారు.

"టీచర్, నాకు ఎర్ర లేసులవి పెట్టండి" అని గోడవైపు నుంచి ఒక పిల్ల అరిచింది.

"ముందు తడి కాలు, తర్వాత మాటలు. నేను పాదాలే చూస్తాను, మొహాలు చూడను" అన్నారావిడ.

కొత్త బూట్లయినా సరే, ఎవరు కొన్నా సరే, కుప్పలోకే రావాలన్నది ఆవిడ నియమం. ఒకరిద్దరు డబ్బున్న రైతులు "మా పిల్లకి కొన్నవి ఇంకొకళ్ళ పిల్లకెందుకు" అని పిల్లల్ని మానిపించేశారు. ఆవిడ బతిమాలలేదు.

కుప్పంతా పెట్టుకోవడానికి బడిలో చోటు లేదు. ఉన్న గది కారేది. అందుకని గోనె సంచుల్లో మూటలు కట్టి, నెలకొక మూట ఒక్కొక్క ఇంటికి వంతు వేశారు. మా వంతు వచ్చినప్పుడు ఆ మూట మా మంచం కింద పట్టేది కాదు. ప్యాడ్లు చెమట వాసన. కర్రలు తలుపు వెనక పెడితే తలుపు తెరుచుకునేది కాదు. నేను వాటిని తీసి లాకుల కమ్మీ మీద ఆరబెట్టేవాణ్ణి. "ఇది ఇల్లా, గోడౌనా?" అని మా ఆవిడ రోజూ అనేది. అంటూనే ఎలుకలు కొట్టకుండా వేపాకు వేసేది.

మా అమ్మాయి తొమ్మిదిలోకి వచ్చిన ఏడు నాకు ఒక పౌరుషం పుట్టింది. దాని స్నేహితురాలి తల్లి ఎవరో "మీ వాళ్ళు ఒక్క జత కూడా కుప్పలో వెయ్యలేదుగా" అందట. ఆ నెల నా సైకిలు టైర్లు మార్చాలి. మార్చలేదు. బందరు వెళ్ళి, కోనేరు సెంటర్లో కొట్టుకెళ్ళి బూట్లు కొన్నాను. కుప్పలో వేసినా మన బూట్లు మన పిల్ల అడుగు దగ్గరికే వస్తాయి కదా అనుకున్నాను. కొట్టువాడు నాలుగో నంబరు తీస్తే ఆరు ఇమ్మన్నాను.

"పిల్లకెంత వయసండీ?" అన్నాడు.

"పెరుగుతుంది" అన్నాను. రెండేళ్ళు రావాలి కదా.

బస్సులో ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. తడి అడుగు కొలతకి సరిపోతేనే ఆ బూట్లు దాని పక్కన పెడతారన్న సంగతి నాకు తట్టలేదు. ఇంట్లో మా ఆవిడకీ తట్టలేదు. నాలుగో నంబరు పాదం పక్కన ఆరో నంబరు బూటు ఎవరు పెడతారు? కుప్ప పంచిన రోజు మా అమ్మాయి మొన దగ్గర కుట్లు వేసిన పాత జత తొడుక్కుని వచ్చింది. కొత్తవి సముద్రం వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక పొడుగు పిల్లకి వెళ్ళాయి.

"వెళ్ళి అడుగు" అంది మా ఆవిడ. మర్నాడు వెళ్ళాను. గ్రౌండు అంచున నిలబడ్డాను. టీచరమ్మ గారే నన్ను చూసి వచ్చారు.

"బూట్ల కోసం వచ్చారా అన్నయ్యగారూ?"

తల ఊపాను.

"మీవే, కాదనను. అదిగో, ఆ చివర పరిగెడుతోంది చూడండి, దాని కాళ్ళకున్నాయి. రెండేళ్ళుగా కుప్పలో దాని పాదానికి జత లేదు. ఉత్త కాళ్ళతో ఆడుతోంది. బందరులో జిల్లా సెలక్షన్‌కి బూట్లు లేకపోతే లోపలికే రానివ్వరు."

నేను ఆ చివరకేసి చూశాను.

"తీసుకెళ్తానంటే తీసుకెళ్ళండి. విప్పమని మాత్రం మీరే చెప్పాలి. నాకు నోరు రాదు."

నోరు రానివాణ్ణి నేను. ఆ పిల్ల బంతి వెంట మా ముందు నుంచే పరిగెత్తింది. తెల్ల బూట్లు అప్పుడే మట్టి పట్టాయి. ఆట అయ్యేదాకా నిలబడి ఇంటికొచ్చాను.

"తెచ్చావా?" అంది మా ఆవిడ.

"లేదు."

"అడిగావా?"

నేను మంచినీళ్ళు తాగాను.

"నిన్ను పంపాను చూడు, నాదీ బుద్ధి తక్కువ. లాకు తలుపుకి చెప్పినా వెళ్ళి అడిగొచ్చేది!"

ఆ ఏడు సెలక్షన్లో సముద్రం వైపు పిల్ల నెగ్గింది. మా అమ్మాయి నెగ్గలేదు. "మన పిల్ల ఇంటికొచ్చింది, మన బూట్లు జిల్లాకెళ్ళాయి" అని మా ఆవిడ చాలా కాలం దెప్పింది. మా అమ్మాయి మాత్రం "అవి నాకు ఊడిపోయేవి నాన్నా, గుడ్డలు కుక్కుకుని ఎలా పరిగెడతాను?" అంది. దానికి కోపం లేదు. కోపమంతా నాదే. నోటితో అనలేని మనిషి కోపం ఇంకో దారి చూసుకుంటుంది. తరువాత మా వంతు మూట వచ్చినప్పుడు, మా ఇంట్లో చోటు లేదని అమ్మాయి చేత చెప్పించి తిప్పి పంపేశాను.

టీచరమ్మ గారు ఆ మూట తన ఇంటికి తీసుకెళ్ళారు. లస్కరు ఇంట్లో వద్దన్నారంట అని తెలిసి ఇంకో ఇంటివాళ్ళూ వద్దన్నారు. వాళ్ళను చూసి ఇంకొకళ్ళు. అందరూ విసిగే ఉన్నారు, మొదట అనడానికి ఒకడు కావలసి వచ్చాడు. రెండేళ్ళు తిరిగేసరికి మూటలన్నీ ఆవిడ రెండు గదుల్లోకి చేరాయి. వాళ్ళమ్మగారు బతికున్న చివరి రోజుల్లో మంచం చుట్టూ గోనె సంచులే అని మా అమ్మాయి చెబితే విన్నాను. విని ఊరుకున్నాను.

ఆవిడ రిటైరయ్యాక ఒకసారి అవనిగడ్డ బస్టాండులో కనిపించారు. చేతిలో సంచి, అందులోంచి నాలుగు హాకీ కర్రల మూతులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. తోట్లవల్లూరు వైపు ఏదో బడికి ఇవ్వడానికి వెళ్తున్నారట. అంతకుముందు బస్సు కండక్టరు ఆ కర్రలతో ఎక్కనివ్వలేదట.

"పిల్లలు తగ్గిపోయారండీ, సామాను తగ్గలేదు" అన్నారు. "రాత్రి కాలు చాపితే ప్యాడ్లు తగుల్తాయి. పారేద్దామంటే ఏ పిల్ల పాదమో గుర్తొస్తుంది. అలిసిపోయానన్నయ్యగారూ."

సంచి కింద పెట్టి, "నా మీద కోపం పోయిందా?" అని అడిగారు.

ఆ మూటలు నాకివ్వండి అన్న మాట గొంతు దాకా వచ్చింది. నేను నవ్వాననుకుంటాను. బస్సు వచ్చింది. ఆవిడ కర్రలు నేను పైకి అందించాను. అంతే.

ఇప్పుడు గుడివాడలో మా మనవరాలు స్కేటింగు క్లబ్బులో చేరింది. చక్రాల బూట్లు, మోకాళ్ళకి, మోచేతులకి తొడుగులు, నెత్తికి హెల్మెట్టు, క్లబ్బు పేరున్న చొక్కా. పోయినేడువి ఈ ఏడు పట్టలేదు. పాతవి ఎవరివైనా తెస్తామంటే క్లబ్బువాళ్ళు ఒప్పుకోరట. వాళ్ళ ఇంట్లో వరండా మూల పట్టని సామాను గుట్ట పడి ఉంటుంది. మా అల్లుడు దాన్ని దాటుకుంటూ ఆఫీసుకి వెళ్తాడు. మా అమ్మాయి దాన్ని చూసి, "టీచర్ ఉంటే ఒక బకెట్టు నీళ్ళతో తేల్చేసేవారు నాన్నా" అంటుంది. నేను తల ఊపుతాను.

భూస్థాపన రోజు ఎండ మండిపోయింది. చర్చి గంట కొట్టారు, పాటలు పాడారు. ఆడపిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. అందరూ ముప్ఫై దాటినవాళ్ళు, చంకల్లో పిల్లలతో. సమాధుల దగ్గర నుంచి తిరిగొచ్చి, ఆవిడ ఇంటి ముందు బకెట్టులో కాళ్ళు కడుక్కుని ఒక్కొక్కరే వరండా ఎక్కారు. లోపల గోడ వెంట మూటలు అలాగే ఉన్నాయి.

సముద్రం వైపు పిల్ల కూడా వచ్చింది, అందరికంటే చివర మా అమ్మాయితో కలిసి వరండా ఎక్కింది. ఇప్పుడు విజయవాడలో ఉద్యోగమట. నన్ను గుర్తుపట్టి, "బాగున్నారా బాబాయ్?" అంది. తర్వాత మా అమ్మాయితో మాట్లాడుతూ, "నా మొట్టమొదటి కొత్త బూట్లు టీచర్ పెట్టినవేనే. వాసన బట్టి కొత్తవని తెలిసింది. ఎవరివి టీచర్ అంటే, కుప్పవి అన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట" అంది.

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను నేల చూశాను.

ఆవిడ తమ్ముడు గారు లోపల్నుంచి వచ్చి, "ఈ మూటలేం చెయ్యాలో తెలియట్లేదండి. సోమవారానికి ఇల్లు ఖాళీ చెయ్యాలి. పాతసామాన్ల వాడిని రమ్మన్నాను" అన్నారు.

"నాకివ్వండి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఎన్ని కావాలండీ?" అన్నారాయన.

"అన్నీ."

"నాన్నా, అమ్మ ఊరుకుంటుందా?" అంది మా అమ్మాయి మెల్లగా. ఊరుకోదు. గోడౌను అంటుంది. అననీ. ఆటో మాట్లాడమని దాన్ని పంపి, మొదటి మూట వరండాలోకి లాగి, ఊడిపోయిన మూతి కట్టడానికి కూర్చున్నాను.

నా ముందు గచ్చు మీద ఆడపిల్లల తడి అడుగులు వరసగా ఉన్నాయి. చివర రెండు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి మా అమ్మాయిది, ఒకటి ఆ పిల్లది. ఏది ఎవరిదో చూద్దామని కళ్ళజోడు తీసి, పంచెతో తుడిచి పెట్టుకునేసరికి, ఎండకు రెండూ మడమ వైపు నుంచి ఆరుతూ వస్తున్నాయి. వేళ్ళ గుర్తులు మాత్రం కాసేపు ఉన్నాయి.