మెకానిక్ వచ్చినప్పుడు బాగానే ఉంటుంది

ఆ ఇంటి కోడలి ఉద్యోగం బట్టలుతికే మిషన్ల కంపెనీకి ఫోన్లెత్తడం. పడకగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, పొద్దస్తమానం ఊరందరి తిట్లూ తిని, నవ్వుతూ అరిగించుకుంటుంది. కానీ "మీ మెకానిక్ వచ్చినప్పుడు బాగానే తిరుగుతుందండీ, ఆయన గేటు దాటగానే ఆగిపోతుంది" అనేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. వాళ్లంతా అబద్ధాలకోర్లని గట్టి నమ్మకం. "అలా జరగదండీ, ఒకసారి ఆపి మళ్లీ వేసి చూడండి" అని తియ్యగా చెప్పి వదిలించుకునేది.

అలాంటి మనిషి ఇంట్లో ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉండటం మొదలైంది.

మాట మధ్యలో ఉండగా లైను గుటుక్కుమనేది. పరుగున హాల్లోకి వచ్చి చూస్తే, టీవీ పక్కనున్న నెట్ పెట్టె మీద దీపం ఏమీ ఎరగనట్టు పచ్చగా వెలుగుతూ ఉండేది. సరేనని గదిలోకి వెళ్లి, వీధి గోల వినపడకుండా తలుపు బిగించుకుని కూర్చుంటే మళ్లీ అదే తంతు. నెట్ మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా తలుపులన్నీ బార్లా తెరిచి, ఇల్లంతా తిప్పి చూపించింది. "సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు. పోతోందని ఆమె ఒట్టేసి చెప్పింది. "అలా జరగదమ్మా" అనేసి బండెక్కాడు. ఆమె మాట ఆమెకే వడ్డించి పోయాడు.

పైఅధికారి మాత్రం అంత మర్యాదగా మాట్లాడలేదు. కాల్స్ ఇలాగే తెగుతుంటే ఇంటి నుంచి పని కుదరదన్నాడు. ఆఫీసేమో వేరే ఊళ్లో. అంటే ఉద్యోగం పోయినట్టే. పిల్లలు కాస్త పెద్దయ్యాక, నలుగురినీ బతిమాలి సంపాదించుకున్న ఉద్యోగమది. ఆమె గుండెల్లో రాయి పడింది. రాయి పడ్డవాళ్లు ఎవరో ఒకరి మీద దాన్ని విసరాలి కదా, ఇంట్లో దొరికింది మామగారు.

ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. దూరాన ఉన్న పాత స్నేహితుడితో ఫోన్లో చదరంగం ఆడుతూంటాడు. రోజుకో ఎత్తు. గడువులోగా ఎత్తు వెయ్యనివాడు ఓడినట్టే. టైపు చెయ్యడం చేతకాకపోయినా బలగాన్ని మాత్రం చక్కగా నడిపేవాడు. ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ ఆ స్నేహితుడి మీద ఒక్కసారీ గెలవలేదు. ఈమధ్యనే, "ఈసారి వాడి మంత్రిని లేపేశానమ్మా" అని కోడలికి చెప్పి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

"మామయ్యగారూ, మీ ఆటే నెట్టంతా లాగేస్తోంది. నా ఉద్యోగం పోతే మనం ఏం తింటాం? కొన్నాళ్లు ఆ ఫోన్ జోలికీ, ఆ పెట్టె జోలికీ వెళ్లకండి" అంది. ఆయన వెంటనే ఫోన్ ఆపేసి బీరువా పైన పెట్టి, హాల్లో కుర్చీలో కూర్చున్నాడు.

అయినా లైను పోతూనే ఉంది. దొంగచాటుగా ఆడుతున్నాడేమోనని కూడా ఆమె అనుమానపడింది.

చివరికి ఒకరోజు, ఒక్క కాల్ తెగినా ఊరుకోనని చెప్పి, ఆమె కాల్స్ పైఅధికారి స్వయంగా వింటానన్నాడు. ఆమె గదిలోకి వెళ్లి తలుపు మీద చెయ్యి వేసిందో లేదో, మామగారు లేచి నిలబడ్డాడు.

"తలుపెయ్యకమ్మా."

"గోలొస్తుంది మామయ్యగారూ."

"రానీ. నువ్వు గట్టిగా తలుపేసినప్పుడల్లా ఈ దీపం ఎర్రబడుతోంది. తియ్యగానే పచ్చబడుతోంది."

ఆమె తలుపు బిగించింది. కంప్యూటర్లో నెట్ పోయింది. తీసింది, వచ్చింది. బాల్కనీలోంచి వచ్చే వైరు ఆమె గది దాటి, తలుపు మడతబందుల పక్క సందులోంచి హాల్లోకి పోతుంది. తలుపు బిగిస్తే ఆ సందులో నలుగుతోంది.

"ఎప్పట్నుంచి చూస్తున్నారు?"

"ఫోన్ ఆపేసిన మర్నాటి నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"దాని జోలికి వెళ్లొద్దన్నావుగా."

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. ఉంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది.

గాలికి తలుపు పడకుండా ఆయన కుర్చీ గుమ్మం దగ్గరికి జరుపుకుని, కాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఒకావిడ ఫోన్ చేసి, మెకానిక్ ఉన్నంతసేపూ మిషన్ బాగానే తిరిగిందని మొదలుపెట్టింది. కోడలు ఆ కాలు వైపు చూసింది. "జరుగుతుందండీ. ఆగే ముందు అక్కడ ఏం జరుగుతోందో ఇంట్లో ఎవరైనా చూశారేమో అడగండి" అంది. సాయంత్రం దాకా ఒక్క కాల్ కూడా తెగలేదు. ఇక ఇంటి నుంచే చేసుకోమన్నాడు పైఅధికారి.

ఆమె బీరువా పైనుంచి ఫోన్ దించి, దుమ్ము తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

"తప్పు నాదే మామయ్యగారూ. ఆడుకోండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని, ఆట తెరిచి చూశాడు.

"ఓడిపోయానటమ్మా. గడువు దాటిపోయిందట."

కింద స్నేహితుడి మాట ఉంది. 'ఏరా, ఈసారి నాకు ఓటమి తప్పదని నేనే ఒప్పుకుందామనుకుంటుంటే, ఆట వదిలేసి పోయావేం?'

ఆమెకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

"నాకు టైపు చెయ్యడం రాదుగా. మా ఇంట్లో నెట్ సరిగ్గా రావట్లేదని రాయమ్మా."

ఆమె అలాగే రాసింది.