ఉప్పునీళ్ల నల్లా

ఇన్నేళ్లుగా గుండె మీద మోస్తున్నది మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది. చూస్తే చిన్న విషయమే. ఒక నల్లా.

అప్పుడు గల్ఫ్‌కు వెళ్లి, అహ్మదిలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ స్టేడియం బాగుచేసే పనిలో ఉన్నాను. పాత సిమెంటు మెట్లు పగలగొట్టి కుర్చీలు బిగిస్తున్నాం. మైదానమంతా తవ్వేశారు. అక్కడ గడ్డి చూసుకునే నర్సయ్య కాకాది మా జగిత్యాల వైపే. స్టేడియం కట్టిన ఏడాదే వచ్చి ఆ ఇసుకలో మొదటి పిలక నాటింది ఆయనే. ఇంజనీరును బతిమాలి ఒక మూల పాత గడ్డి తవ్వకుండా ఆపించుకున్నాడు. పనయ్యాక దాని పిలకలే మైదానమంతా నాటాలని ఆయన ఆశ. దుమ్ముగాలి ఆగిన పొద్దున్న అంతా తెల్లగా మసకేసి ఉంటే, ఆ చాపంత పచ్చదనం ఒక్కటే తేలుతున్నట్టుండేది. పక్కనే కాకా. ఆయన కాళ్లు నేలకు ఆనుతున్నాయా అనిపించేది.

ఆ మూల రెండు నల్లాలు. మంచినీళ్లది గడ్డికి, కాకా తిప్పుతాడు. ఉప్పునీళ్లది దుమ్ము లేవకుండా మట్టి తడపడానికి, నేను తిప్పుతాను. ఒక గురువారం సాయంత్రం మంగఫ్‌లో మా గదులకు వెళ్లే బస్సు డ్రైవర్ యల్లా యల్లా అని తొందరపెడుతూ అరుస్తుంటే పరుగెత్తాను. బస్సు మెట్టు మీద కాలు పెట్టాక నల్లా గుర్తొచ్చింది. దిగలేదు. ఏమవుతుందిలే అనుకున్నాను. శుక్రవారం సెలవు, హాయిగా పడుకున్నాను. కలలో నీళ్ల చప్పుడు వినిపించింది కూడా.

శనివారానికి గుంతలు నిండి, ఉప్పునీళ్లు గడ్డిని ముంచేశాయి. అంచుల్లో ఉప్పు తెల్లగా మెరుస్తోంది. పాపిష్టి కళ్లు, నాకది అందంగానే కనిపించింది.

"ఉప్పునీళ్ల నల్లా గిట్ల ఇడిచిపెట్టినవా బిడ్డా?" అన్నాడు కాకా.

"లే కాకా. కట్టేసే బస్సెక్కిన."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "గట్లయితె నేనే తిప్పిన్నేమో, మంచినీళ్లదనుకొని. యాదికుంటలేదు."

నన్ను అనుమానించలేదు. తన మతినే అనుమానించుకున్నాడు. గడ్డి మాడిపోయింది. తప్పు తనదేనని ఇంజనీరుకు కాకానే చెప్పుకున్నాడు. ఖలాస్, ప్లాస్టిక్ గడ్డి పరిచేద్దాం అన్నాడు ఇంజనీరు. ఇక అక్కడ పని లేక కాకా ఊరికి వెళ్లిపోయాడు.

ఎందుకు అబద్ధమాడాను? పని పోతుందనా? ఒక నల్లాకు ఎవరూ పంపించేయరు, తిడతారు, అంతే. ఆ ఒక్క తిట్టు పడలేక ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకం తీసేశానా? సిగ్గుగా ఉంది.

ఇప్పటికీ వాళ్లింటికి ఫోన్ చేస్తాను. కాకా మనవరాలిని ఎత్తుకోవడం మానేశాడట, ఎక్కడ దించి మరిచిపోతానోనని.

ఆయన మతికి ఏమీ కాలేదు. నల్లా విడిచిపెట్టింది నేను. రాసేశాను. గుండె కాస్త తేలికైంది. ఈ మాట చెప్పాల్సింది మీకు కాదని తెలుసు.