చీర అవతల తల్లిగారిల్లు

తొలి కాన్పుకు నన్ను తల్లిగారింటికి పోకుండా ఆపే మొనగాళ్లు ఎవరూ లేరని నా ధీమా. ఏడో నెలలో పోవడానికి టికెట్టు తీయించుకున్నాను. బ్యాగులో నా చీరలు, మా అమ్మకని కొన్న చీర సర్దిపెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్ అన్నారు. రైళ్లు ఆగిపోయాయి. ఉధ్నాలో మా ఆయన నడిపే సాంచాలూ ఆగిపోయాయి. మరమగ్గాలను మేం సాంచాలంటాం. సూరత్‌లో వాటి చప్పుడు లేకుండా పొద్దుపోవడం అప్పుడే చూశాను.

డిండోలిలో ఒక బిల్డింగు మొదటి అంతస్తులో మాది ఒకే ఒక్క గది. తలుపు పక్కన వంటగట్టు, ఆ చివర రైలు పట్టాలు కనిపించే కిటికీ. అందులో మా అత్త, మా ఆయన, నేను, నా కడుపులో బిడ్డ. మామూలుగా ఆయన పన్నెండు గంటల పాళీకి పోతే గది కాస్త పెద్దదయ్యేది. ఇప్పుడు ముగ్గురం పొద్దస్తమానం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం.

అత్త మంచి, వేము తీపి లేవంటారు. మా అత్త మరీ వేపాకేం కాదు, కాకరకాయ. నేనూ తక్కువదాన్ని కాదు. మాట పడితే రెండు మాటలు వడ్డీతో తిరిగిచ్చే నోరు నాది. పెళ్లై ఏడాదిన్నర అయినా మా మధ్య అవసరానికి మించి మాటలుండేవి కావు. తల్లిగారింటికి పోతానని నేను రోజూ ఏడుస్తుంటే ఒకనాడు ఆమె రొట్టె కాలుస్తూ తిరిగి చూడకుండానే అన్నది:

"మేం కనలేదా? యాడికి పోయి కన్నం?"

అంతే. నాకు కాలింది. ఆ పూట తినలేదు, మరునాడు కూడా సరిగ్గా తినలేదు. ఎవరు బతిమాలినా అటు తిరిగి పడుకున్నాను. వారం తిరక్కుండానే చూడటానికి వచ్చిన ఆశా కార్యకర్త నా కనురెప్పలు కిందికి లాగి చూసి, రక్తం బాగా తక్కువుంది, ఇట్లా అయితే తల్లికీ బిడ్డకీ కష్టమని హిందీలో గట్టిగా చెప్పి పోయింది. మా ఆయన మొహం పాలిపోయింది. నాకూ భయమేసింది. కానీ మొండితనం ఒకటుంటుందే, అది భయానికి కూడా లొంగదు. ఆ పూటా పళ్లెం పక్కకు నెట్టాను.

మరునాడు పొద్దున మా అత్త సందుగ తెరిచి, నేతలో తప్పు పడిందని సేఠ్ పక్కన పడేస్తే మా ఆయన తెచ్చిన చిలకాకుపచ్చ చీర తీసింది. గదికి అడ్డంగా ఈ మేకు నుంచి ఆ మేకు దాకా కట్టింది. తరువాత బయటికి పోయి, తలుపు దగ్గరికి వేసి, టకటకా కొట్టింది. మా ఆయన తలుపు తీశాడు.

"నా బిడ్డను కాన్పుకు తీస్కపోనీకి వచ్చిన. మీ అమ్మ లేదా బాబూ?"

ఆయన నోరు తెరిచాడు. "ఏమైందే అమ్మా నీకు? జ్వరం గిట్ల వచ్చిందా?"

"అమ్మ ఎవల్రా..." అని నాలుక కరుచుకుని, "అమ్మ ఎవలయ్యా? నేను నీ అత్తను. మీ అమ్మ పొయ్యి కాడున్నట్టున్నది. పురుడయ్యేదాంక నా బిడ్డ నా కాడనే" అన్నది.

నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను. కానీ ఆమె వచ్చి నా నుదుట బొట్టు పెట్టింది. చెయ్యి పట్టుకుని, "నడు బిడ్డా, బండి యాళ్లయితున్నది" అన్నది. ఏడాదిన్నరలో ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు. ఆ మాటకే లేచాను, నిజం చెప్పాలంటే.

చీర అవతలికి నాలుగడుగులు. అట్లా తిన్నగా పోవడానికి ఆమె ఒప్పుకోలేదు. తల్లిగారిల్లంటే అంత దగ్గరుంటదా అన్నది. ఒక చేతిలో నా బ్యాగు, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని నన్ను గదుల ముందున్న గ్యాలరీ పొడుగునా నడిపించింది. పక్క తలుపుల్లోంచి ఆడవాళ్లు తొంగిచూశారు. "యాడికి అత్తా, బ్యాగు పట్టుకొని?" అని ఒకామె అడిగితే, "తల్లిగారింటికి" అని నవ్వకుండా చెప్పింది. మొదటి మలుపులో, స్టేషను వచ్చినట్టు "నందుర్‌బార్" అన్నది. గ్యాలరీ చివర మెట్టు మీద నన్ను కూర్చోబెట్టి, "భుసావల్ వచ్చింది, బండి శానసేపు ఆగుతది, డబ్బా ఇప్పు" అన్నది. డబ్బాలో పూరీలు, ఆలుగడ్డ కూర, మామిడికాయ తొక్కు. మా అమ్మ ఊరి నుంచి పంపేటప్పుడు కట్టిచ్చేవి అవే. నవ్వు ఆపుకోలేక పొలమారింది. నవ్వుతూనే నాలుగు పూరీలు తిన్నాను. కాజీపేటలో దిగి చీర అవతలికి చేరేసరికి నాకు మళ్లీ ఆకలేసింది!

ఆ రోజు నుంచి కిటికీ వైపు సగం మా తల్లిగారిల్లు, పొయ్యి వైపు సగం అత్తగారిల్లు. తల్లిగారింట్లో నేను పని ముట్టుకోకూడదు. అడిగింది వండిపెట్టాలి. ఇటు నిలబడి మా అత్త, "ఏమమ్మా వదినా, నా బిడ్డకు పాలకూర పప్పు పంపుతనంటివి, ఏది?" అని కేకేసేది. మళ్లీ తానే అటు పోయి, "అయితున్నదమ్మా, జర ఆగు, నీ బిడ్డ ఒక్కతేనా కడుపుతోటున్నది?" అని గిన్నెలు చప్పుడు చేసేది. మా ఆయనైతే చీర బయట దగ్గి, "అత్తమ్మా, లోపలికి రావచ్చునా?" అని అడగాలి. కన్నతల్లిని అత్తమ్మా అని పిలవడానికి పాపం మొదట్లో నోరు తిరగలేదు. కానీ అల్లుడికి చాయ్‌తోపాటు రెండు బిస్కెట్లు దొరుకుతాయని తెలిశాక పూటపూటకూ చుట్టపుచూపుగా దిగేవాడు.

ఫోన్‌లో ఈ సంగతి విని మా అమ్మ అలిగింది. "నేను బతికుండంగనే ఇంకో తల్లిని తెచ్చుకున్నవా?" అన్నది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేరుగా మా అత్తకే ఫోన్ చేసి, నాకు ఏవి పడతాయో, ఏవి పడవో గంటసేపు అప్పజెప్పింది.

అట్లా పది రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం నా తలకు నూనె పెడుతూ మా అత్త మెల్లగా అడిగింది. "మీ అత్త ఎట్లుంటది బిడ్డా? నిజం చెప్పు. ఇక్కడి మాట అక్కడికి పోదు."

గతుక్కుమన్నాను. కానీ నా నోరు ఊరుకుంటుందా?

"నేను వండిన కూర రుచి చూడకుండనే ఉప్పేస్తది."

"అవ్వ! ఎంత పొగరు!"

"పొద్దెక్కేదాంక పండుకుంటనని గ్యాలరీల అందరికి చెప్తది."

"దాని నోరు పడిపోను!"

తనను తాను అంత మనస్ఫూర్తిగా తిట్టుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ ఊపులో నాకు ధైర్యం వచ్చి అసలు మాట అనేశాను. "తల్లిగారింటికి పోత అంటే, మేం కనలేదా, యాడికి పోయి కన్నం, అన్నది. ఆ మాట మర్చిపోను."

నా తల మీద చేతులు ఆగిపోయాయి. "అది ఆమె తప్పే" అన్నది. "ఎందుకన్నదో అడుగుత."

మరునాడు అదే వేళకు నూనె గిన్నె పట్టుకుని వచ్చి నా వెనక కూర్చుంది.

"అడిగిన మీ అత్తను."

"ఏమన్నది?"

"ఆమెకు తల్లి లేదంట. ఆరేండ్లప్పుడే పోయిందంట. మన అల్లుడు పుట్టినప్పుడు భివండీల అద్దె రూముల ఒక్కతే ఉన్నదంట. మొగడు పాళీకి పోయిండంట. నొప్పులల్ల నీళ్లిచ్చేటోళ్లు లేక బిందె దాంక పాక్కుంట పోయిందంట. నువ్వు తల్లిగారిల్లు, తల్లిగారిల్లు అంటుంటే ఆమెకు కుళ్లు పుట్టిందంట. చెప్పనీకి సిగ్గయితున్నదంట."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఇద్దరం ఏడుస్తాం, ఆట పాడవుతుంది. "మా అత్తకు చెప్పు, నాకు కోపం పోయిందని" అన్నాను. "చెప్త" అని జడ అల్లడం మొదలుపెట్టింది. ఆ పూట జడ ఎంత బిగించిందంటే రెండు రోజులు తల నొప్పెట్టింది.

నెలలు నిండేసరికి రక్తం పెరిగింది. నొప్పులొచ్చిన రోజు ఆసుపత్రిలోకి తోడుగా ఒక్కరినే రానిస్తామన్నారు. మాస్కు పైకి లాక్కుని మా అత్త ముందుకొచ్చింది. "సాస్ హో యా మా?" అని అడిగింది నర్సు. అత్తవా, అమ్మవా అని.

"దోనో" అన్నది మా అత్త. రెండూనట.

ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున రేషన్ బియ్యానికి పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టి, నాకు ఒడిబియ్యం పోసింది. తన బిడ్డగా నన్ను అత్తగారింటికి సాగనంపుతూ ఇటు నిలబడి నిజంగానే వెక్కివెక్కి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, గబగబా చీర చుట్టూ తిరిగి అటు పోయి, హారతి పళ్లెం పట్టుకుని, "రా కోడలా, నువ్వు లేక ఇల్లు బోసిపోయింది" అన్నది. ఆ సాయంత్రమే మేకుల నుంచి చీర విప్పి పాపకు తొట్టెల కట్టాం. రైళ్లు నడిచాక మా అమ్మ వచ్చి, మనవరాలి కంటే ముందు మా అత్తను కౌగిలించుకుంది.

మరుసటి ఏడాది, లాక్‌డౌన్ తెచ్చిపెట్టిన ఆ జబ్బు మళ్లీ విజృంభించినప్పుడు మా అత్తకు అంటుకుంది. పక్కింటివాళ్లు ఊరికి పోతూ తాళంచెవి ఇచ్చిపోయిన గదిలో రెండు వారాలు ఒంటరిగా ఉంది. పళ్లెం గడప దగ్గర పెట్టి వచ్చేదాన్ని. గోడ అవతల ఆమె దగ్గు వినబడితే బతికుందని ఊపిరి పీల్చుకునేదాన్ని. వినబడకపోతే, వినబడేదాకా గోడ తట్టేదాన్ని. ఆమె పోతే నాకు ఒకేసారి ఇద్దరు పోయినట్టేనని అప్పుడు తెలిసింది.

బతికి బయటపడింది. పుల్లలా చిక్కిపోయింది. అయినా పడుకుంటే కదా! తెల్లారకముందే బోళ్ల ముందు కూర్చునేది. "నాకేమైంది? మంచిగనే ఉన్న" అనేది. నేను అరిచాను, బతిమాలాను, గిన్నెలు దాచిపెట్టాను. వినలేదు. రెండు ముద్దలు తిని చాలనేది.

ఒక పొద్దున సందుగలోంచి చిలకాకుపచ్చ చీర తీసి, ఈ మేకు నుంచి ఆ మేకుకు కట్టాను. బయటికి పోయి తలుపు కొట్టాను. ఆమె వచ్చి తీసింది.

"నా బిడ్డను తీస్కపోనీకి వచ్చిన" అన్నాను. "దాని కోడలు లేదా?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూసింది. బొట్టు పెట్టాను. చెయ్యి పట్టుకుని గ్యాలరీలో నడిపించాను. భుసావల్‌లో పూరీలు తినిపించాను. చీర అవతల కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పలచబడిన ఆ జుట్టుకు నూనె పెడుతూ అడిగాను.

"మీ కోడలు ఎట్లుంటది బిడ్డా? నిజం చెప్పు. ఇక్కడి మాట అక్కడికి పోదు."

ఆమె భుజాలు కదులుతున్నాయి. తరువాత ముక్కు చీదుకుని, గొంతు సవరించుకుంది.

"దానికి ఉప్పేసుడు రాదమ్మా" అని మొదలుపెట్టి, మా అత్త పొద్దుగూకేదాకా ఆపలేదు.