మావయ్యకు మాత్రమే వినిపించే కిర్రు

స్క్రూడ్రైవర్ మావయ్య ఈ లోకంలో దేన్నైనా ఓర్చుకోగలడు, ఒక్క కిర్రుమనే చప్పుడు తప్ప. ఎక్కడ ఏది కిర్రుమన్నా ఆయన కాళ్లు అక్కడే ఆగిపోతాయి. తలుపు కావచ్చు, కుర్చీ కావచ్చు, ముక్కూ మొహం తెలియనివాళ్ల సూట్‌కేసు చక్రం కావచ్చు. జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొనను ఆ వస్తువు మీదా పిడిని చెవి మీదా ఆనించి కళ్లు మూసుకుంటాడు. ప్రింటింగ్ ప్రెస్సులో యంత్రాలు చూసుకుంటూ జీవితం గడిపిన మనిషి. యంత్రంలో ఏది అరిగిందో అలా వినే కనిపెట్టేవాడట. ఉద్యోగం వదిలి ఏళ్లయింది కానీ, స్క్రూడ్రైవర్ని మాత్రం వదల్లేదు.

ఒకసారి సినిమా హాల్లో హీరో చావుబతుకుల మధ్య కొట్టుకుంటుంటే, జనమంతా ముక్కులు చీదుకుంటుంటే, ఈయన వంగి ముందు వరుస కుర్చీ కిందికి దూరాడు. ఆ కుర్చీలో ఉన్న లావుపాటాయన ఏడుపు ఆపి కిందికి చూసి, ఎవరండీ మీరు అని అడిగాడు.

"మీ పని మీరు కానివ్వండి. ఏడవండి, పర్లేదు, కదలకండి అంతే" అన్నాడు మావయ్య.

ఇలాంటి మనిషితో రోజంతా సైకిల్ మీద తిరగాల్సిన ఖర్మ డ్రాయింగ్ మాస్టారుకు పట్టింది. మావయ్య మాస్టారు భార్యకు స్వయానా చిన్నాన్న. కాబట్టి తప్పించుకునే దారి లేదు.

ఆమధ్య మాస్టారు నెమ్ము చేసి కొన్నాళ్లు ఆస్పత్రిలో పడున్నాడు. చూడటానికి వచ్చినవాళ్లంతా ఎలా ఉందని అడిగితే, మావయ్య మాత్రం పలకరింపన్నా లేకుండా మంచం కిందికి దూరి చక్రాలకు నూనె వేశాడు. ఆ తర్వాత మందుల బండి, దాని తర్వాత వార్డు తలుపు. సాయంత్రానికి నర్సులు మిగతా వార్డుల బళ్లు కూడా తోసుకొచ్చి ఆయన ముందు వరుసగా పెట్టారు. తను ఒకవైపు దగ్గుతుంటే ఈయన ఆస్పత్రిలో వర్క్‌షాపు తెరిచాడని మాస్టారు కడుపు మండిపోయింది.

జబ్బు నయమైంది. కుర్చీల బెడద మొదలైంది. మాస్టారు స్టాఫ్ రూములో అడుగు పెడితే చాలు, మూడు వైపుల నుంచి మూడు కుర్చీలు జరిగేవి. బోర్డు మీద బొమ్మ వేస్తుంటే క్లాసు పిల్లలు చప్పుడు కాకుండా వెనక కుర్చీ పెట్టేవాళ్లు. భార్య అయితే స్నానాల గదిలో స్టూలు వేసింది. నేను నిలబడగలను మొర్రో అని చెప్పీ చెప్పీ ఆయన నోరు నొప్పెట్టింది. ఒకప్పుడు సెలవు దొరికితే చాలు, పొద్దున్నే సైకిలెక్కి కొండల మధ్య ఆనకట్ట దాకా పోయి సాయంత్రానికి తిరిగొచ్చే మనిషి ఆయన. మళ్లీ అలా వెళ్లి, ఆనకట్ట మీద నిలబడి ఫోటో దిగి, దాన్ని స్టాఫ్ రూము గోడకు అంటిస్తే తప్ప ఆ కుర్చీలు ఆగవని తేల్చుకున్నాడు. ఊళ్లోవాళ్ల సంగతి అటుంచి, అది చేస్తే తప్ప తన మీద తనకే నమ్మకం కుదిరేలా లేదు.

వెళ్లొచ్చు కానీ ఆయాసం వస్తే వెంటనే ఆగాలన్నాడు డాక్టరు. ఆగే రకమైతే ఇంకేం అని భార్య నిట్టూర్చి, చిన్నాన్నను వెంట తీసుకెళ్తేనే గడప దాటనిస్తానంది. మాస్టారు ముందే మావయ్యను నిలేశాడు.

"దారిలో ఒక్కసారి నన్ను కూర్చోమన్నా, అలిసిపోయావా అన్నా, అక్కణ్ణుంచే మిమ్మల్ని వెనక్కి పంపేస్తాను మావయ్యా."

"నాకేం పని అల్లుడూ? నా సైకిలేదో నేను చూసుకుంటాను" అన్నాడు మావయ్య.

చూసుకోవడమంటే అలా ఇలా కాదు. ఊరు దాటి మొదటి ఎత్తు సగం ఎక్కారో లేదో, మావయ్య బ్రేకు వేశాడు. కిర్రుమంటోందట. సైకిల్ని తలకిందులు చేసి, స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి, చక్రం తిప్పుతూ ధ్యానంలో మునిగిపోయాడు. మాస్టారు గట్టు మీద కూలబడి ఎదురుచూశాడు. కాసేపటికి మావయ్య లేచి, పోయింది పద అన్నాడు. ఏం బిగించారని అడిగితే ఏమీ బిగించలేదన్నాడు.

"మరెలా పోయింది?"

"విన్నానుగా. కొన్ని అంతే అల్లుడూ, పట్టించుకుంటే చాలు."

రెండో ఎత్తు మీద మళ్లీ కిర్రు. వంతెన మీదికి ఎక్కేచోట మళ్లీ కిర్రు. మొక్కజొన్న చేల పక్కనున్న ఎత్తు మీద ఆగినప్పుడు మావయ్య సీటు మీద స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాడు. ఆ తర్వాత బెల్లు మీద, ఆ పైన వెనక తగిలించిన రొట్టెల సంచీ మీద కూడా. వెనక గుడ్ల బుట్ట కట్టుకున్న పాత డొక్కు సైకిల్ మీద ఒక పెద్దావిడ వాళ్లను దాటిపోయింది. ఆవిడ పక్క ఊళ్లో గుడ్లన్నీ అమ్ముకుని, ఖాళీ బుట్టతో తిరిగొస్తూ, "ఇంకా ఇక్కడే ఉన్నారా నాయనా" అని జాలిగా అడిగింది. ఆవిడ సైకిల్ కీచుమని అరుస్తూ వెళ్లింది. మావయ్య కనీసం తలెత్తి చూడలేదు.

మాస్టారుకు తల తిరిగిపోయింది. ఈ లెక్కన ఆనకట్ట చేరేసరికి పొద్దు గూకుతుంది. ఫోటోలో తను కాదు కదా, ఆనకట్ట కూడా కనిపించదు. ఇక లాభం లేదని, మీ సైకిల్ నాకివ్వండి, నాది మీరు తొక్కండి, నాది నిన్ననే షాపులో బాగు చేయించాను, దాంట్లో ఏ కిర్రూ ఉండదు అని హ్యాండిల్ లాక్కున్నాడు. మావయ్య సరేనని ఎక్కాడు.

మావయ్య సైకిల్ వెన్నలా సాగింది. కిర్రూ లేదు, కర్రూ లేదు. చైను ఉందా లేదా అని మాస్టారు వంగి చూసుకోవాల్సి వచ్చింది. అలా చదునైన దారంతా పోయి, ఆనకట్టకు ముందున్న పెద్ద ఎత్తు అందుకున్నారు. సగంలో మాస్టారు గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి. పళ్లు బిగించి తొక్కుతున్నాడు. ముందు నుంచి గొంతు వినిపించింది.

"ఆగు అల్లుడూ. కిర్రుమంటోంది."

"ఈ సైకిలు కూడానా?"

"ఇదీ అంతే" అన్నాడు మావయ్య, దాన్ని తలకిందులు చేస్తూ.

గట్టిగా కేకలేద్దామని మాస్టారు నోరు తెరిచాడు. కేకెయ్యడానికి ఊపిరి లేదు. ఊపిరి వచ్చేదాకా గట్టు మీద కూర్చోక తప్పలేదు. వేరే పని లేక ఆలోచించాడు. చదును మీద ఒక్కసారైనా ఆగారా? లేదు. పల్లంలో? లేదు. ప్రతిసారీ ఎత్తు మీదే, అదీ సరిగ్గా తన ఊపిరి గుర్రుమన్నప్పుడే. తన రొప్పు తగ్గగానే ఆయన కిర్రు కూడా పోతోంది. చిన్న కీచుకే ప్రాణం పోయినట్టు ఎగిరిపడే మనిషి, ఆ గుడ్లావిడ సైకిల్ అంత అరుపు అరిచినా కదల్లేదు. పొద్దున్నుంచీ ఆయన చెవి వింటున్నది సైకిల్‌ని కాదు.

మాస్టారుకు ముందు ఒళ్లు మండింది. ఇదీ కుర్చీయే కదా, రోడ్డు పొడుగునా వేసుకుంటూ వస్తున్నాడు. మరుక్షణంలో నవ్వొచ్చింది. స్టాఫ్ రూములో కుర్చీ లాగితే అందరూ చూస్తారు. ఈ కుర్చీ తన కళ్లకే కనపడలేదు, పైగా ఆలస్యానికి తిట్లన్నీ ఆయనే తిన్నాడు. ఆస్పత్రిలో మందుల బండి కీచుకీచులకు రాత్రుళ్లు కన్ను మూతపడక తను అల్లాడిన సంగతీ, మావయ్య వచ్చి వెళ్లిన రోజు హాయిగా నిద్రపోయిన సంగతీ ఇప్పుడు గుర్తొచ్చాయి. ఆ ముసలాయన మీద పొంగుకొచ్చిన ప్రేమను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మాస్టారు బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

"పోయిందా మావయ్యా?"

"నీకెలా ఉంది, పోయినట్టేనా?" అన్నాడు మావయ్య చక్రం తిప్పుతూ.

"పోయింది."

వెలుగుండగానే ఆనకట్ట చేరారు. రొట్టెలూ ఉడికించిన గుడ్లూ తిన్నారు. మాస్టారు కట్ట మీద నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. ఫోటోలో ఆనకట్ట వచ్చింది, మాస్టారు వచ్చాడు, ఓ మూల మావయ్య బొటనవేలు కూడా వచ్చింది. ఇంకోటి తీస్తానంటే మాస్టారు వద్దన్నాడు.

తిరుగుదారిలో ఎండ చల్లబడింది. మాస్టారు ఇంకా మావయ్య సైకిల్ మీదే హుషారుగా తొక్కుతున్నాడు. ఊరి ముందు చివరి ఎత్తు మీద, వెనక ఏదో చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే మావయ్య మొహం ఎర్రబారి ఉంది. నోరు తెరుచుకుని గాలి లాక్కుంటున్నాడు. అయినా కాళ్లు ఆపడం లేదు. పగలంతా ఇద్దరిలో ఎవరు పెద్దవాడో మాస్టారుకు తట్టనే లేదు. ఆగమంటే ఆయన మాత్రం ఆగుతాడా?

మాస్టారు బ్రేకు వేశాడు.

"ఆగండి మావయ్యా. ఈ సైకిల్ కిర్రుమంటోంది."

మావయ్య ఆగి, తను స్వయంగా నూనె వేసుకున్న తన సైకిల్ వైపు చూశాడు. అల్లుడి వైపు చూశాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి అందించి, వెళ్లి గట్టు మీద కూర్చున్నాడు. మాస్టారు సైకిల్ని తలకిందులు చేశాడు. మొన ఇరుసు మీద, పిడి చెవి మీద పెట్టి, ఆయనలాగే కళ్లు మూసుకున్నాడు. కొంతసేపు మావయ్య రొప్పు తప్ప ఏమీ వినిపించలేదు.

"ఎక్కడంటావు?" అన్నాడు మావయ్య, మాట మాటకీ గాలి పీల్చుకుంటూ.

"ముందు చక్రంలో అనుకుంటా."

మావయ్య కాళ్లు బారజాపి, చెప్పులు విడిచాడు.

"చక్రంలో కాదు. పెడళ్ల దగ్గర చూడు అల్లుడూ. అక్కడైతే కాస్త ఎక్కువసేపు పడుతుంది."

మాస్టారు పెడళ్ల దగ్గరికి జరిగాడు.