ఎడమ చెవి కింద ముడి

దయ్యాలూ మాయలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా రాజోలు వైపు ఎవరికైనా పూనకం వస్తే, "ముందు కడుపు నిండా అన్నం పెట్టండి, అదే దిగుతుంది" అనే రకాన్ని నేను. అలాంటి నేనే ఇది చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి.

తొంభైల్లో బహ్రెయిన్ వెళ్ళాను, హమద్ టౌన్‌లో ఒక ఇంట్లో పనికి. ఎడారి దేశంలో చలేమిటని ఒక్క స్వెట్టరైనా పెట్టుకోలేదు. కొత్తగా వెళ్ళే మా వాళ్ళందరూ చేసే తప్పే అది. నా పెట్టెలో ఉన్న ఒకే ఒక్క ఉన్ని వస్తువు నా కూతురు బుజ్జి పెట్టుకునే టోపీ. రెండేళ్ళ పిల్లని అమ్మ దగ్గర వదిలి వెళుతున్నానని, దాని తల వాసన పోకుండా ఉతక్కుండా అమ్మే అందులో పెట్టింది. దాన్ని ముక్కుకి ఆనించుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు.

జనవరిలో వానా గాలీ కలిసి వచ్చాయి. సముద్రం మీది గాలి ఎముకల్లోకి దూరిపోతుంది. ఆ సోమవారం పొద్దున్నే కరెంటు పోయింది, హీటర్ ఆగిపోయింది. ఇంటావిడ, అంటే పనివాళ్ళమందరం 'మామా' అని పిలిచే ఆవిడ, పని మీద బయటికి వెళ్ళింది. ఆవిడ చంటిబిడ్డ నా ఒళ్ళో వణుకుతున్నాడు. వాడి టోపీలన్నీ బయట తీగ మీద తడిసి ముద్దయ్యాయి.

బుజ్జి టోపీ తీసి వాడికి పెట్టేశాను. మనసు చివుక్కుమంది, పెట్టకుండా ఉండలేకపోయాను. గొంతుకి ఒత్తుకోకుండా దాని రిబ్బను ఎప్పుడూ ఎడమ చెవి కిందే ముడి వేస్తాను, అలవాటు. ఊడిపోతుందేమోనని బాగా బిగించాను. గుండెకి హత్తుకుని, "వెచ్చగా ఉండరా నాన్నా" అన్నాను. అన్నది వాడితోనే, కళ్ళ ముందున్నది మాత్రం బుజ్జి.

కాసేపటికి వాడు వెచ్చబడి నిద్రపోయాడు. టోపీ విప్పితే వాడి గడ్డం కింద చిన్న గీతైనా లేదు. అంత లేత చర్మం, పైగా అంత బిగించి కట్టాను! అప్పుడు పట్టించుకోలేదు.

శుక్రవారం మా ఊరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేశాను. అమ్మ ఏడుస్తోంది.

"సోమవారం బుజ్జి మాకు దక్కదనుకున్నామే! నెమ్ము చేసింది. కాళ్ళూ చేతులూ మంచుముద్దలు. కాకినాడ తీసుకెళ్ళిపొమ్మన్నాడు డాక్టరు. బస్సు కోసం నిలబడ్డామా, ఉన్నట్టుండి తల వెచ్చబడింది, చెమట పట్టింది. కళ్ళు తెరిచి 'అమ్మా' అంది."

రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"ఇంకోటి చెప్పనా? చెమట తుడుస్తుంటే గడ్డం కింద ఎర్రగా గీత. రిబ్బను బిగించి కట్టినట్టు! తువ్వాలు కప్పానే గానీ, దానికి టోపీ ఎక్కడిదే? నీ దగ్గరే ఉందిగా!"

"ముడి ఎక్కడమ్మా?" అన్నాను. ఎందుకలా అడిగానో నాకే తెలీదు.

"ఎడమ చెవి కింద నొక్కుకుపోయి ఉంది. నీకెలా తెలుసే?"

ఫోన్ పట్టుకునే దండం పెట్టాను, ఎవరికో తెలియదు.

ఇప్పుడు బుజ్జికి పిల్లలున్నారు. టోపీ నా దగ్గరే ఉంది. పొద్దున్నే చలిగాలి తగిలితే చాలు, బుజ్జి చెయ్యి ఎడమ చెవి కిందికి పోతుంది, అక్కడేదో సర్దుకుంటున్నట్టు. ఎందుకే అంటే, "ఏమోనమ్మా, అలవాటు" అంటుంది.

ఆ ముడి వేసింది నేనే. వేసింది ఏ బిడ్డకో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.