నవ్వించే మనిషి చేతులు

“మళ్లీ ఫిట్స్ వస్తే ఎలాగండీ టీచర్‌గారూ? నేను పక్కన లేనప్పుడు వస్తే?”

గుమ్మంలోకి వస్తూనే తబిత అన్న మాట అది. చేతిలో తిరిగి ఇవ్వడానికి తెచ్చిన నవల ఉంది. సంపూర్ణమ్మ చదువుతున్న పేజీలో కళ్లజోడు పెట్టి, పుస్తకం మూసి, కుర్చీ చూపించింది.

మండపేటలో రైసుమిల్లుల వెనక వీధిలో సంపూర్ణమ్మను ఎరగనివాళ్లు లేరు. లూథరన్ బడిలో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త జయపాల్ పోయాక ప్రేమ నవలల్లో పడింది. చర్చి దగ్గర ఆడవాళ్లు ఈ వయసులో ఇవేం పుస్తకాలండీ అని వేళాకోళమాడితే, బైబిల్ చదివాక మిగిలిన టైము నాదే కదమ్మా అనేది. ఏ నవలైనా రెండుసార్లు చదివేది. నచ్చిందో లేదో రెండోసారి అయ్యాకే చెప్పేది.

పక్కింటి తబిత ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. కాలేజీలో పాఠాలు చెబుతూ, పాప పుట్టాక మానేసింది. భర్త రాజేంద్రది మొగల్తూరు దగ్గర చేపల వేట చేసే కుటుంబం. అతను ఇక్కడ మిల్లులో బాయిలర్ మెకానిక్కు. ఇష్టపడి చేసుకున్నారు. పద్నాలుగు నెలల పాపను తల్లి మెర్సీ అంటుంది, నాయనమ్మ వీరవేణి దుర్గ అంటుంది. పాప రెండింటికీ పలుకుతుంది.

రెండు నెలల కిందట జ్వరంలో పాపకు ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రికి వెళ్తున్నంతసేపూ రాజేంద్ర ఆటో నడిపే అబ్బులుతో జోకులేస్తూనే ఉన్నాడు. ఇలాంటివి చాలామంది పిల్లలకు వస్తాయి, పెద్దయ్యాక పోతాయి అన్నారు డాక్టరుగారు. తబిత అదంతా చదివింది కూడా. అయినా గంటకోసారి థర్మామీటరు పెట్టి నోటుబుక్కులో రాయడం ఆపలేకపోయింది. ఆటోలో ఆ నవ్వును మరిచిపోలేకపోయింది. వచ్చే ఆదివారం ఆమెకు రాజమండ్రిలో ఉద్యోగం పరీక్ష. ఆ రోజు పాపను నేనొక్కణ్ణే మా అమ్మ దగ్గరికి తీసుకెళ్తానంటున్నాడు రాజేంద్ర. పరీక్ష మానేసైనా సరే, పాపను తీసుకుని కోరుకొండలో పుట్టింటికి వెళ్లిపోవాలని, మళ్లీ ఎప్పుడొచ్చేదీ చెప్పకూడదని తబిత అనుకుంటోంది.

అంతా విని సంపూర్ణమ్మ నవల ఎలా ఉందని అడిగింది.

తబిత చిరాకంతా నవల మీదికి మళ్లింది. నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేసే అమ్మాయి, లంకలకు లాంచీ నడిపే కుర్రాడు. ఆమె మరగబెట్టిన నీళ్లు మళ్లీ మరగబెడుతుంది. అతను గోదాట్లో నీళ్లు దోసిలితో తాగేస్తాడు. మొదటి వంద పేజీలూ తబిత పకపకా నవ్వుతూ చదివింది. తర్వాతే ఒళ్లు మండింది. జాగ్రత్త అనేది ఏదో జబ్బయినట్టు పుస్తకంలో అందరూ ఆ అమ్మాయినే మారమంటారు. అతని నవ్వేమో ధైర్యమట. పెళ్లితో పుస్తకం అయిపోయింది. పిల్లకు జ్వరం వచ్చాక రాయమనండి ఈ కథ, అంది.

“అంటే నువ్వు ఆ పిల్ల వైపు నుంచే చదివావు” అంది సంపూర్ణమ్మ. “అతను జోకేసిన చోటల్లా పెన్సిలుతో టిక్కు పెట్టు. దానికి ముందు ఏం జరిగిందో చూసి రా.”

మర్నాడు మధ్యాహ్నం పాప పడుకున్నాక తబిత లెక్కపెట్టింది. పదకొండు జోకులు. రెండు ఊరికే వేసినవి. మిగతా తొమ్మిదీ వరదలో లాంచీ తాడు విప్పబోయే ముందో, లాంచీలో పురిటినొప్పుల మనిషి ఉన్నప్పుడో వేసినవి. పదకొండు చాలా చిన్న శాంపిలని ఆమెకు తెలుసు. అయినా వెళ్లి చెప్పింది.

సంపూర్ణమ్మ టిక్కులు పెట్టిన పేజీలు తిప్పి చూసింది. తర్వాత జయపాల్‌గారి సంగతి చెప్పింది. ఆయన మాటలు తక్కువ మనిషి. ఈమెకు ఆపరేషన్ అయిన రోజు ఒక్కసారి కూడా ఎలా ఉందని అడగలేదట. ఇంటికొచ్చి చూస్తే బడి పెన్సిళ్లు రెండు డబ్బాలు, అన్నీ చెక్కి ఉన్నాయి.

“మతి పోయిందేంటి ఈయనకి అని తిట్టాను. ఆయన పోయిన నాలుగేళ్లకి ఏదో నవల చదువుతుంటే అర్థమైంది, ఆయన భయమంతా చేతుల్లోకి పోయిందని. మాట పట్టుకుని పోట్లాడకమ్మాయ్. ముందు చేతులు చూడు. తర్వాత కావాలంటే పోట్లాడుకో.”

ఆదివారం పొద్దున్న తబిత ఇంకా ఏ సంగతీ తేల్చుకోలేదు. రాజేంద్ర పాపను చంకనేసుకుని, దుర్గమ్మగారు సాయంత్రానికి పడవ నడపడం నేర్చుకుని వచ్చేస్తారని మొదలెట్టాడు. తబితకు తిట్టు నోటిదాకా వచ్చింది. ఆపుకుని అతని చేతులు చూసింది. సంచి జిప్పు తీసి థర్మామీటరు ఉందో లేదో తడుముతున్నాడు. జిప్పు వేశాడు. మళ్లీ తీశాడు. మందు సీసా పైకి తీసి, మూత బిగించి, లోపల పెట్టాడు. మళ్లీ తీశాడు.

“భయంగా ఉందా?” అని అడిగింది.

అతని నవ్వు ఆగిపోయింది. “బయల్దేరేటప్పుడు ఆ మాట అనకూడదు తబితా. నాన్న వేటకెళ్తంటే అమ్మ నవ్వించే పంపేది.” ఇంకాసేపటికి అన్నాడు, “ఆ రోజు ఆటోలో నోరు ఆపితే ఏడ్చేద్దును.”

తబిత మందు ఎంత వెయ్యాలో చీటీ రాసి అతని జేబులో పెట్టింది. రాజమండ్రి బస్సెక్కింది. పరీక్ష రాస్తున్నంతసేపూ మధ్యమధ్య గడియారం చూస్తూనే ఉంది.

నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. ఆ భయం పోయేది కాదు. కానీ రాజేంద్ర జోకేసినప్పుడల్లా తబిత ముందు అతని చేతులు చూస్తుంది. మాట్లాడేది ఆ తర్వాతే.