హాఫ్ క్లచ్ మీద వచ్చిన మా బావ

ఆ రోజుల్లో మా పాతబస్తీలో కారు నడిపేవాడికి రెండు కాళ్ళూ పనిచేసేవి. ఇప్పుడు కుడికాలొక్కటే ఉద్యోగం చేస్తోంది, ఎడమకాలు పెన్షన్ పుచ్చుకుని ఊరికే కూర్చుంటోంది. కిందటేడు మా అమ్మాయి పట్టుబట్టి నా చేత గేర్లు మార్చే పనిలేని కారు కొనిపించింది. మొదటి నెలంతా సిగ్నల్ పడినప్పుడల్లా నా ఎడమకాలు అలవాటు చొప్పున లేచి, లేని క్లచ్ కోసం వెతుక్కునేది. (ఒకసారి వెతికి వెతికి బ్రేకునే క్లచ్ అనుకుని కసిగా తొక్కింది. నయాపూల్ మీద నా వెనకున్న ఆటో అతను మా ఏడు తరాలవాళ్ళనీ ఉర్దూలో పేరుపేరునా పలకరించాడు.) "ఒకప్పుడు నేనెట్లాంటి డ్రైవర్నో తెలుసా?" అని మా అమ్మాయితో గొప్పలు పోతుంటాను గానీ, నా డ్రైవింగు మొదలైన తీరు మాత్రం ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నా మీద కాస్త దయ ఉన్నవాళ్ళలా కనిపిస్తున్నారు కనక చెబుతున్నాను.

మా బాపుకి పురానాపూల్ దగ్గర తాళ్ళ దుకాణం ఉండేది. మా వంశంలో ఒక ఆనవాయితీ ఉంది. విడిది నుంచి పెళ్ళికొడుకుని మండపానికి తీసుకొచ్చే బండిని పెళ్ళికూతురి అన్నో తమ్ముడో స్వయంగా తోలాలి. తాతల కాలంలో అది టాంగా. మా మేనత్త పెళ్ళికి బాపే టాంగా తోలాడట. మా అక్క పెళ్ళినాటికి టాంగాలు పోయి కార్లొచ్చాయి, అక్కకి తమ్ముణ్ణి నేనొక్కణ్ణే, నాకు సైకిలు తప్ప మరొకటి రాదు. నేను కాకపోతే మా చిన్నబాపు కొడుకు సిద్ధంగా ఉన్నాడు. అతనికి కొత్తగా లైసెన్సు వచ్చింది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ జేబులోంచి తీసి చూపించేవాడు, అందుకని మేమంతా లైసెన్సన్న అనేవాళ్ళం. బాపు కూడా "పిలగానికి ఏం రాదు, పెద్దోడే తోల్తడు తియ్" అనేశాడు. అక్క మాత్రం ఒప్పుకోలేదు. "నా తమ్ముడు తోల్కొస్తెనే నేను మండపమెక్కుత. వేరేటోళ్ళు తోలితే నాకా పెండ్లే వద్దు" అని తలుపేసుకుంది. అప్పటికి నేను రెండోసారి డిగ్రీ తప్పి, ఇంట్లో ఎవరూ ఏ పనీ చెప్పని స్థితిలో ఉన్నాను. నన్ను నమ్మి ఒక మనిషి ఒక పని అప్పజెప్పడం అదే మొదలు. అందుకే పెళ్ళికి నలభై రోజులుందనగా మా మామ కాళ్ళ మీద పడ్డాను.

మామ, అంటే అమ్మకి తమ్ముడు, సిటీ బస్సు డ్రైవరు. డ్రైవింగు నేర్పమంటే నన్ను కారు దగ్గరికి తీసుకెళ్ళలేదు, మా వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టాడు. కింద మూడు చెప్పులు పెట్టాడు. అమ్మది క్లచ్, బాపుది బ్రేకు, నాది యాక్సిలేటరు. చేతికి పప్పుగుత్తి ఇచ్చి అదే గేరన్నాడు. ఇక ఇంజిను ఆయన నోరే. కళ్ళు మూసుకుని గుర్రుమంటూ, మూలుగుతూ, కీచుమంటూ నా ఎదుట కూర్చునేవాడు. "గేరు చేత్తోని మారుస్తరనుకుంటున్నవా? చెవుతోని మార్చాలెరా! ఇంజిను మూలిగిందంటె గేరు దించు, ఒర్లిందంటె పైకెయ్యి. దాని బాధ నువ్వు ఇనకుంటె ఇంకెవడు ఇంటడు?" అనేవాడు. ఆ మూలుగులకి పక్కింటావిడ వచ్చి, మీ తమ్ముడికి దమ్ము (ఉబ్బసం) ఎక్కువైందా అని అమ్మని అడిగింది. మూడో రోజుకి అమ్మకి ఓపిక పోయి, "ఏందిరా, మీ బండి ఇంకా నా వంటింట్లకెళ్ళి బయటపడలేదా? నాకు పప్పు మెదుపుకోవాలె, గేరు ఇటియ్యి" అని గుత్తి లాక్కుంది. అట్లా నా స్టూలు పాఠం ముగిసింది.

తర్వాత బాపు దోస్తు అయిన ఒక సేఠ్ దగ్గర తెల్లకారు అడిగి తెచ్చి, పొద్దున్నే మూసీ ఒడ్డు రోడ్డు మీద నేర్పాడు మామ. పక్క సీట్లో కళ్ళు మూసుకునే కూర్చునేవాడు. నేను క్లచ్ వదలగానే కారు కప్పలా ఎగిరి ఆగిపోయేది. ఆయన కళ్ళు తెరవకుండానే "చంపినవ్, మళ్ళ బతికియ్యి" అనేవాడు. రోజుకి నలభైసార్లు చంపి నలభైసార్లు బతికించేవాణ్ణి. కానీ నెల తిరిగేసరికి నా చెవి తయారైంది. మూడో గేరు ఎప్పుడడుగుతోందో, రెండోది ఎప్పుడు చాలంటోందో నాకు వినిపించసాగింది. ఒకరోజు మామ ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, "గేరు మార్చినవా? నాకు తెల్వనే లేదు" అన్నాడు. నా జన్మలో అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఇంతవరకు రాలేదు. మామ పోయి చాలా ఏళ్ళయింది.

పెళ్ళి రోజు వచ్చింది. పదకొండు గంటలకి ముహూర్తం. విడిది నయాపూల్ దగ్గర, మండపం మా ఇంటి ముందే. ఆ సేఠ్ కారులోనే బావ వెనక సీట్లో బాసికంతో కూర్చున్నాడు. నా కాళ్ళకి కొత్త బూట్లు (ఒక సైజు బిగుతు). పక్కన ధైర్యానికి మామ. అంతా బాగానే ఉంది గానీ, బాపు సరదాపడి బార్కస్ నుంచి అరబ్బుల డప్పుమేళం, మర్ఫా పిలిపించాడు. మర్ఫా డప్పులు ఎట్లా మోగుతాయో మా వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు, వినని వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మొదటి దెబ్బ పడగానే మామ తలుపు తీసుకుని దిగి, చేతులెత్తి ఎగురుతూ గుంపులో కలిసిపోయాడు. అప్పుడు తెలిసింది నాకు, మా గురుశిష్యులిద్దరికీ తట్టని సంగతి. నేను చెవితో కారు నడపడం నేర్చుకున్నాను. ఆ చప్పుడులో నా చెవికి ఇంజిను లేదు.

నడిచే మనుషుల వెనక నడకకంటే మెల్లగా పోవాలంటే హాఫ్ క్లచ్ మీద పోవాలి. క్లచ్‌ని పూర్తిగా వదలకూడదు, పూర్తిగా తొక్కకూడదు, ఆ మధ్యలో ఒక వెంట్రుకవాసి చోటుంటుంది, కాలు అక్కడ నిలబడాలి. ఆ చోటు ఇంజిను మూలుగులో తెలిసేది నాకు. ఇప్పుడు మూలుగు లేదు. పది గజాలు పోయానో లేదో కారు కప్పగంతు వేసి ఆగింది. మా దగ్గర పెళ్ళికొడుకు కారు ఆగిందంటే, ఇక్కడ కాసేపు ఆట కావాలని అర్థం. మర్ఫా ఉస్తాద్ వెనక్కి తిరిగి చూసి, "దూల్హా రుక్ గయా! బజావ్ రే, జోర్ సే బజావ్!" అని అరిచాడు. డప్పులు రెట్టింపయ్యాయి. డప్పులు రెట్టింపైతే నాకు వినపడడం ఇంకా సున్నా. మళ్ళీ కదిలాను, మళ్ళీ ఆగింది, మళ్ళీ బజావ్. మగపెళ్ళివారి పెద్దాయన ఒకడు కిటికీలో తలపెట్టి, "వారెవా! బామ్మర్ది మస్తు షౌకీన్ ఉన్నడు. అడుగడుక్కి ఆడిపిస్తున్నడు" అని నా బుగ్గ గిల్లి పోయాడు. నాకు వీపంతా చెమట. గడియారం పది నలభై చూపిస్తోంది. ముహూర్తం తప్పితే మగపెళ్ళివారు ఊరుకోరు, అక్క మొహం నేను జన్మలో చూడలేను. నాలుగోసారి ఆగినప్పుడు లైసెన్సన్న పరుగెత్తుకొచ్చి, "దిగు తమ్మీ, నేను తోల్త. లేకుంటె చెప్పు, బాపు దుకాణంల తాళ్ళున్నయి, కట్టి గుంజుదాం" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, తలుపు మీద చెయ్యి వేశాను.

అయిదోసారి కూడా ఆగాక వెనక నుంచి బావ ముందుకి వంగాడు. ఆయన లారీల కంపెనీలో గుమస్తా, అప్పటిదాకా నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి, "బామ్మర్దీ, బూట్లిడువు" అన్నాడు. నాకర్థం కాలేదు. "ఇయ్యాల చెవుతోని పనిగాదు. అరికాలుతోని ఇను. మా లారీలోళ్ళు గట్లనే నడుపుతరు. ఫికర్ జెయ్యకు, నేనెవ్వరికి చెప్ప." బూట్లు విడిచాను. వట్టి కాలితో క్లచ్ తొక్కి మెల్లగా వదులుతుంటే, ఒకచోట పెడల్ సన్నగా వణికింది. పిల్లి గురక పెట్టేటప్పుడు దాని వీపు మీద చెయ్యి వేస్తే ఎట్లా ఉంటుందో అట్లా. కాలు అక్కడే ఆపాను. కారు కదిలింది. మా గల్లీ మలుపు, ఎత్తు, మా దుకాణం అన్నీ దాటాను, మళ్ళీ ఆగలేదు. ముహూర్తానికి ఏడు నిమిషాలుందనగా బావ మండపం ముందు దిగాడు. లైసెన్సన్న నన్ను కావలించుకుని, "నిజంగనే ఆడిపియ్యనీకె ఆపినవా? గట్ల ఆపుడు నాకు రాదు తమ్మీ" అన్నాడు. మామ ఒక్కడు బానెట్ దగ్గర ముక్కు ఎగబీల్చి, "ఎవరిదో క్లచ్ కాలినట్టున్నది" అని, నా మొహం చూడకుండా భోజనాల వైపు వెళ్ళిపోయాడు. బావ ఇచ్చిన మాట ఇప్పటికీ తప్పలేదు.

ఆ వణుకు నా అరికాలికి తెలిశాక నేను చాలా బళ్ళు నడిపాను. ఒక్కో బండికి ఒక్కోచోట ఉంటుందది, కొత్త మనిషితో చనువు ఏర్పడ్డట్టు రెండు రోజుల్లో తెలిసేది. ఇప్పటి పిల్లలకి ఆ అవసరం లేదు, మంచిదే. మోకాళ్ళు మిగులుతాయి. నాకు మాత్రం బెంగగా ఉంటుంది. ఆ చోటు ఎక్కడుంటుందో తెలిసిన కాళ్ళు మా గల్లీలో ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు, ఒకరి తర్వాత ఒకరు పోతున్నారు.

పోయిన నెల అక్కని కారులో కూర్చోబెట్టుకుని పురానాపూల్ మీదుగా వస్తున్నాను. ఎక్కడో పెళ్ళి, మర్ఫా మోగుతోంది. అక్క కిటికీ అద్దం దించి కాసేపు విని, నా వైపు తిరగకుండానే అంది: "తమ్మీ, నా పెండ్లినాడు గౌరీపూజల కూసున్న గానీ నా చెవులన్ని ఆ డప్పుల మీదనే. దగ్గరికొస్తుండె, ఆగుతుండె. వస్తుండె, ఆగుతుండె. ఆగినప్పుడల్ల, ఇంకో ఐదు నిమిషాలు నేను మనింటి పిల్లనే గదా అనుకున్న. నువ్వు కావాలనే ఆపుతున్నవని నాకప్పుడే ఎర్కైంది. నన్ను పంపబుద్ధి కాలేదు గదరా నీకు?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"అవునక్కా" అన్నాను.

అక్క నా భుజం తట్టి అద్దం ఎత్తేసింది. నేను బ్రేకు మీద నుంచి కాలు తీశాను, కారు దానంతటదే, చప్పుడు లేకుండా, జనం మధ్య నుంచి పాకుతూ ముందుకి పోయింది. ఇట్లాంటి కారే ఆనాడు ఉండి ఉంటే, ఒక్కసారి కూడా ఆగకుండా పోయి, మా అక్కని అరగంట ముందే అత్తారింటికి అప్పజెప్పి వచ్చేవాణ్ణి. బిగుతు బూట్లలో చెమటలు కక్కుతూ అయిదుసార్లు ఇంజిను చంపిన ఆ చేతకాని కుర్రాడు ఇన్నేళ్ళకి మొదటిసారి నాకు ముద్దొచ్చాడు.